కిరాయి ఇళ్లలో నష్టం, తనిఖీ, పరిహారం: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్

కిరాయికిచ్చిన ఇంట్లో గానీ మడిగెలో గానీ కిరాయిదారు వల్ల జరిగిన నష్టాన్ని తనిఖీలో గుర్తించడం, దాన్ని మామూలు అరుగుదల నుంచి వేరు చేయడం, బాగు చేయించుకోవడమో ఖర్చు రాబట్టుకోవడమో ప్రతి పట్టణంలోనూ నడిచే వ్యవహారమే. భారతదేశంలో దీనికి మూలాధారం 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్. ఆ సెక్షన్ యజమానికి ముందుగా ఇచ్చింది డబ్బు కోసుకునే హక్కు కాదు. లోపలికి వచ్చి చూసుకునే హక్కు, లోపం కనబడితే నోటీసు ఇచ్చే హక్కు. ఆ లోపం తన వల్ల వచ్చినదైతే, నోటీసు అందిన మూడు నెలల్లోగా బాగు చేయించే బాధ్యత కిరాయిదారుది. జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఆచారం దీనికి తలకిందులుగా నడుస్తోంది. కిరాయి సాగినన్నాళ్లు ఎవరూ ఏమీ చూడరు. ఖాళీ చేసే రోజు సామాను ఆటోకు ఎక్కుతుండగా గోడలు చూసి, అడ్వాన్సులో ఎంత పట్టుకోవాలో నిలబడ్డ చోటే తేలుస్తారు. తగాదాలకు పెద్ద మూలం ఈ అలవాటే.

మూడు పట్టణాలు, కిరాయిదారులు

గద్వాల, వనపర్తి నిజాం ఏలుబడి కింద ఉండిన సంస్థానాల కేంద్రాలు. నాగర్‌కర్నూల్ పాత మహబూబ్‌నగర్ జిల్లాలోని పట్టణం. 2016 అక్టోబరు 11న ఈ మూడూ జిల్లా కేంద్రాలు కావడంతో కిరాయిల తీరు మారిపోయింది. కొత్త జిల్లా కార్యాలయాలకు చోటు కావలసి వచ్చింది, బదిలీ మీద వచ్చిన ఉద్యోగులకు ఇళ్లు కావలసి వచ్చాయి. సమీకృత కలెక్టరేట్ భవనాలు వనపర్తిలో 2022 మార్చిలో, నాగర్‌కర్నూల్, గద్వాలల్లో 2023 జూన్‌లో ప్రారంభమయ్యాయి. వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు 2022లో, గద్వాల కాలేజీ 2024లో మొదలై, నలుగురైదుగురు కలిసి ఒక ఇల్లు తీసుకునే విద్యార్థులను తెచ్చాయి.

వీళ్లకన్నా ముందు నుంచే కిరాయికి ఉంటున్నవాళ్లు వేరు. గద్వాలలో మగ్గం నేసే కుటుంబాలు, కృష్ణా, తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలో విత్తన పత్తి వ్యాపారం చేసేవాళ్లు, వనపర్తిలో పల్లి కొనే వ్యాపారులు, మండల కేంద్రాల్లో ఎరువుల దుకాణాలవాళ్లు. ఒక్కొక్కరి పనికీ ఇంటి మీద ఒక్కో రకం ఒత్తిడి పడుతుంది. యజమానుల్లోనూ చాలామంది ఊళ్లో లేరు. పాలమూరు (పాత మహబూబ్‌నగర్ జిల్లా) లేబర్‌గా తరాల తరబడి దేశమంతా తిరిగిన ఈ ప్రాంతంలో, సొంతూళ్లో ఇల్లు కిరాయికిచ్చి హైదరాబాద్‌లో తామే కిరాయికి ఉంటున్న కుటుంబాలు తక్కువేమీ కాదు. ఇక్కడ అడ్వాన్సు పట్టుకునే మనిషే అక్కడ అడ్వాన్సు కోసం అడిగే మనిషి. ఇల్లు చూసుకోవడానికి వాళ్లకు వీలయ్యేది పండక్కి వచ్చినప్పుడే, అదీ దర్వాజ దగ్గర నిలబడి పలకరించి పోవడమే.

ఏ చట్టం వర్తిస్తుంది

హైదరాబాద్ రాష్ట్రంలో 1954 నాటి ఇళ్ల అద్దె నియంత్రణ చట్టం ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక దాని స్థానంలో 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయింపు) నియంత్రణ చట్టం వచ్చింది. తెలంగాణలో నేటికీ అదే అమల్లో ఉంది. పురపాలక సంఘాల పరిధికి అది వర్తిస్తుంది, గ్రామాలకు తనంతట తాను వర్తించదు. ఆ చట్టం 10వ సెక్షన్ కింద, భవనం విలువనో ఉపయోగాన్నో గణనీయంగా దెబ్బతీసే పాడుపనులు చేసిన కిరాయిదారును ఖాళీ చేయించమని రెంట్ కంట్రోలర్‌ను కోరవచ్చు.

అయితే ఈ చట్టం గొడుగు కింద ఉన్న ఇళ్లు ఇప్పుడు కొన్నే. 1957 ఆగస్టు 26 తర్వాత కట్టిన భవనాలన్నిటికీ శాశ్వతంగా మినహాయింపు ఇచ్చిన నిబంధనను సుప్రీంకోర్టు 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో కొట్టేసింది. 2005 సవరణతో మినహాయింపులు కొత్త రూపంలో వచ్చాయి. కట్టి 15 ఏళ్లు నిండని భవనాలు, కార్పొరేషన్లు కాని చోట్ల నెలకు 2,000 రూపాయలకు మించిన కిరాయి ఉన్న భవనాలు చట్టం బయటకు వెళ్లాయి. జిల్లా కేంద్రంలో రెండు గదుల వాటాకు కూడా ఆ మొత్తం దాటిపోయిన ఈ రోజుల్లో, చాలా తగాదాలు మళ్లీ 1882 చట్టం దగ్గరికే చేరుతున్నాయి.

ఆ చట్టం చెప్పే మాటలు సూటిగా ఉన్నాయి. కిరాయిదారు ఇంటిని తన సొంతమైతే ఎంత జాగ్రత్తగా వాడుకునేవాడో అంత జాగ్రత్తగా వాడాలి. ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడకూడదు. యజమాని ఒప్పుకోకుండా శాశ్వత కట్టడం కట్టకూడదు. తిరిగి అప్పగించేటప్పుడు తీసుకున్న నాటి స్థితిలో ఉండాలి. దీనికి రెండు మినహాయింపులు. సహజమైన అరుగుదల ఒకటి, మనిషి అడ్డుకోలేని ఉపద్రవం రెండోది. ఇవన్నీ ఒప్పందంలో గానీ స్థానిక ఆచారంలో గానీ వేరే మాట లేనప్పుడు వర్తించే నియమాలు. అందుకే రాసుకున్న కాగితం విలువ పెద్దది. రిజిస్ట్రేషన్ జోలికి పోకుండా చాలామంది 11 నెలల కాగితంతో సరిపెట్టుకుంటారు. ఆ కాగితంలో కిరాయి, అడ్వాన్సు, కరెంటు బిల్లు ఉంటాయి గానీ గోడలు, నేల, నల్లాలు ఎలా ఉన్నాయో ఒక్క ముక్క ఉండదు.

2021 జూన్ 2న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఈ లోటును కొంత పూడుస్తుంది. ఇంటి అడ్వాన్సుకు రెండు నెలలు, వ్యాపార స్థలాలకు ఆరు నెలల కిరాయి గరిష్ఠమని చెబుతుంది. లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలంటుంది. ఎవరు ఏది బాగు చేయించాలో జాబితా ఇస్తుంది. దాని ప్రకారం గోడల సున్నం, తలుపుల రంగు, పైపుల మార్పిడి, కరెంటు వైరింగు యజమాని వంతు. నల్లాల వాషర్లు, స్విచ్చులు, సాకెట్లు, తాళాలు, కిటికీ అద్దాలు, కాలువల శుభ్రత కిరాయిదారు వంతు. నమూనా చట్టం రాష్ట్రాలు స్వీకరిస్తేనే అమల్లోకి వస్తుంది. తెలంగాణ 1960 చట్టంతోనే కొనసాగుతోంది. అయినా ఒప్పందం రాసుకునేవాళ్లు ఆ జాబితాను యథాతథంగా తీసుకోవడానికి ఏ అడ్డూ లేదు, తీసుకుంటే సగం గొడవలు తగ్గుతాయి.

అరుగుదల ఎక్కడ ఆగుతుంది, నష్టం ఎక్కడ మొదలవుతుంది

పుస్తకంలో చదివినప్పుడు ఈ గీత తేలికగానే కనబడుతుంది. ఇంట్లోకి వెళ్లి చూస్తే ఈ ప్రాంతపు నేల, నీరు, కట్టుబడి తెలియకుండా దాన్ని గీయడం కష్టం.

నేల బండలతో మొదలుపెట్టవచ్చు. తాండూరు, బేతంచెర్ల బండలు పరిచిన ఇళ్లు ఇక్కడ ఎక్కువ. ఏళ్ల తరబడి నడిచిన చోట బండ నునుపెక్కి రంగు మారుతుంది. అది అరుగుదల. బండ మధ్యలో నెర్రె ఇచ్చిందంటే యజమాని వెంటనే కారం దంచారనో సిలిండరు పడేశారనో అంటాడు. కిరాయిదారు నోట వచ్చే మాట ఒక్కటే, ‘మేము దిగినప్పటికే గట్లుండె సారూ.’ మేస్త్రీలు దీన్ని తేల్చే పద్ధతి ఒకటుంది. రూపాయి బిళ్లతో గానీ తాపీ పిడితో గానీ బండను తట్టి వింటారు. డొల్ల చప్పుడు వస్తే కింద పరుపు సరిగా పడలేదని అర్థం. అలాంటి బండ మామూలు బరువుకే పగులుతుంది, ఆ లోపం కట్టినవాళ్లది. గట్టి చప్పుడు వచ్చే చోట ఒకే బిందువు నుంచి నెర్రెలు పాయలుగా విడిపోయి ఉంటే అక్కడ ఏదో బలంగా పడిందని చెప్పవచ్చు.

గోడ పగుళ్ల సంగతి నడిగడ్డలో మరీ ముఖ్యం. ఆలంపూర్, మానవపాడు వైపు నల్లరేగడి నేలలు వానకు ఉబ్బుతాయి, ఎండకు కుంచించుకుపోతాయి. పునాది తగినంత లోతుకు వెళ్లని ఇంట్లో కిటికీ మూల నుంచి ఏటవాలుగా పగులు వచ్చి, వేసవిలో పెద్దదై, వానల్లో కొంత మూసుకుంటుంది. దీన్ని ఏ కిరాయిదారు ఖాతాలోనూ వేయడం న్యాయం కాదు. మేకు కొట్టిన చోట పెచ్చు ఊడితే సంగతి వేరు. అక్కడా గోడ ఎలాంటిదో చూడాలి. పాత మిద్దెల మట్టి గోడ మీద సున్నపు పూత చిన్న మేకుకే చేటంత పెచ్చు వదులుతుంది. సిమెంటు గోడకు క్యాలెండరు మేకులు రెండు మూడు మామూలు వాడకం కిందికే వస్తాయి. టీవీ కోసం, అల్మారా కోసం డ్రిల్లింగ్ చేసి వదిలేసిన రంధ్రాలు పూడ్చి ఇవ్వాలి.

బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువున్న చోట నల్లాల మీద, టైల్స్ మీద తెల్లటి పొర పేరుకోవడం ఎవరి తప్పూ కాదు. దాన్ని పోగొట్టడానికి బాత్రూం యాసిడ్ కుమ్మరించి, టైల్స్ సందుల్లో సిమెంటు తినిపోయేలా చేస్తే అది నష్టమే. ఆ సందుల్లోంచి నీళ్లు దిగి పక్క గదిలో చెమ్మ తేలుతుంది, లప్పం పొలుసులుగా రాలుతుంది. కిరాయిదారు యాసిడ్ వాడాడా, లోపలి పైపు కారుతోందా అన్నది చూడకుండా చెమ్మ ఖర్చు ఎవరిదో చెప్పలేం. నీళ్లు బంద్ చేసి రెండు మూడు రోజులు ఆగితే చెమ్మ తగ్గుతుందో లేదో చూడడం దీనికి తేలికైన పరీక్ష.

నీళ్ల మోటారు వైండింగు కాలిపోతే వచ్చే జగడం ప్రతి వాడకట్టులోనూ ఉంటుంది. సంపు ఖాళీ అయినా మోటారు ఆపకుండా మరిచిపోవడం నిర్లక్ష్యం. వేసవిలో బోరులో నీటిమట్టం పడిపోయి కాలడం, వోల్టేజీ ఎక్కువ తక్కువలకు కాలడం నిర్లక్ష్యం కాదు. కాలిన మోటారును చూసిన వైండింగు మెకానిక్ మాటను ఇద్దరూ కలిసి వినడం మేలు. అతని బిల్లు మీదే కారణం రాయించుకుంటే తర్వాత పనికొస్తుంది.

మగ్గం గుంట

గద్వాలకు ప్రత్యేకమైన చిక్కు ఇది. నూలు ఒంటికి పట్టు అంచు, పట్టు కొంగు కలిపి నేసే గద్వాల చీర సంప్రదాయంగా గుంట మగ్గం మీద తయారైంది. నేతకారుడు నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి పలకలు తొక్కుతాడు. మగ్గం నాలుగు మూలల కర్రలూ నేలలో దిగుతాయి. డిజైన్ కోసం జకార్డు పెట్టె బిగిస్తే దాని బరువు పై దూలాలకో, ప్రత్యేకంగా నిలిపిన చట్రానికో పడుతుంది. సొంతిల్లు లేని నేతకారుడు కిరాయి ఇంట్లో మగ్గం వేయాలంటే యజమాని బండలు లేపి నేల తవ్వాల్సిందే.

చట్టం దృష్టిలో ఇది శాశ్వత కట్టడమా, పాడుపనా, లేక ఇల్లు తీసుకున్న పనికే అవసరమైన వాడకమా? జవాబు యజమాని అంగీకారం మీద ఆధారపడుతుంది. మగ్గం కోసమే ఇచ్చిన ఇంట్లో గుంట తవ్వడం నష్టం కాదు. ఆ తవ్వకాన్ని పూడ్చి మునుపటి స్థితికి తేవడం మాత్రం ఖాళీ చేసేవాడి బాధ్యత. నేలకు బిగించిన తన సామాను తీసుకుపోయే హక్కు కిరాయిదారుకు 108వ సెక్షనే ఇచ్చింది. ఇల్లు తన ఆధీనంలో ఉండగానే తీసుకోవాలి, ఇంటిని వచ్చిన నాటి స్థితిలో వదలాలి.

పూడ్చడంలోనే అసలు తేడా వస్తుంది. ఖాళీ చేసే హడావిడిలో తవ్విన మట్టినే గుంటలో పోసి, పైన పాత బండలు పెట్టి తాళం ఇచ్చేస్తారు. మొదటి వానాకాలంలోనే ఆ చోటు కుంగుతుంది, బండలు పక్కకు ఒరుగుతాయి, ఆ పల్లంలో చేరిన నీళ్లు గోడ అడుగుకు పాకుతాయి. గుంటను పొరలు పొరలుగా నింపి, ప్రతి పొరకూ నీళ్లు పోసి, దిమ్మిస కొట్టి, కొన్నాళ్లు ఆగి, ఆ తర్వాత ఇసుక పరుపు మీద బండ వేయాలి. ఈ పనికి ఎంతవుతుందో మగ్గం వేసే రోజే మేస్త్రీతో లెక్క కట్టించి ఒప్పందంలో రాసుకున్న ఇంట్లో చివరి రోజు మాటామాటా పెరగదు. తర్వాత వచ్చే కిరాయిదారు కూడా నేతకారుడే అయితే గుంటను పూడ్చకుండా వదిలేయమని యజమానే అడగవచ్చు. అప్పుడు పూడ్చనందుకు పైసా కోయడానికి వీల్లేదు.

ఎరువులు, పత్తి, పల్లి

ఉండడానికి తీసుకున్న గదిలో సరుకు నింపడం ఇక్కడ తరచూ తనిఖీలో బయటపడే విషయం. యూరియా, పొటాష్ బస్తాలు గోడకు ఆనించి నెలల తరబడి ఉంచితే అవి గాలిలో తేమ పీల్చి కరుగుతాయి, ఆ లవణాలు ప్లాస్టరులోకి ఎక్కుతాయి. గోడకు ఎన్నిసార్లు రంగు వేసినా తెల్లటి పొడి మళ్లీ మళ్లీ తేలుతుంది. ఇనుప చువ్వలున్న పిల్లరు దాకా ఉప్పు చేరితే తుప్పు మొదలవుతుంది. ఇది రంగు ఖర్చుతో పోయేది కాదు, ప్లాస్టరు చెక్కి కొత్తగా వేయాలి. పురుగుమందులు నిల్వ చేసిన గదిలో వాసనతో పాటు మనుషుల ఆరోగ్యం ప్రశ్న కూడా ఉంది. ఆ తర్వాత అక్కడ చిన్నపిల్లల కుటుంబాన్ని దించేముందు గది పూర్తిగా కడిగించి, గాలి ఆడనిచ్చి, పూత మార్పించడం యజమాని తప్పించుకోకూడని పని. ఆ ఖర్చు నిల్వ చేసినవారిది. పత్తి, పల్లి నిల్వలతో ఎలుకలు, నిప్పు భయం కూడా వస్తాయి. ఇంటి కోసం ఇచ్చిన గదిని గోదాముగా మార్చడం వాడకం మార్చడమే కాబట్టి, 1960 చట్టం వర్తించే చోట అది విడిగా ఖాళీ చేయింపునకు కారణం అవుతుంది.

తనిఖీ ఎలా జరగాలి

నష్టం ఉందో లేదో తేలేది ఖాళీ చేసే రోజు కాదు, ఇంట్లో దిగేవాళ్లకు తాళం చేతికిచ్చే రోజు. ఆ రోజు ఇల్లు ఎలా ఉందో చూపే ఆధారం లేకపోతే, నష్టం జరిగిందని రుజువు చేయాల్సిన యజమాని చేతిలో ఏమీ ఉండదు. కావలసింది పెద్ద పని కూడా కాదు. ఇద్దరూ కలిసి గది గది తిరిగి, ఫోనులో వీడియో తీసి, ఉన్న లోపాలు ఒక కాగితం మీద రాసి సంతకాలు పెట్టుకోవాలి. బండల నెర్రెలు, నల్లాలు, స్విచ్ బోర్డులు, తలుపుల గడియలు, మోటారు పనితీరు, మీటరు రీడింగు, సింటెక్స్ ట్యాంకు మూత, సెప్టిక్ ట్యాంకు చివరిసారి ఎప్పుడు తీయించారో అన్నీ అందులో రావాలి. ఫొటోలను అదే రోజు వాట్సాప్‌లో అవతలివారికి పంపితే తేదీ మీద వివాదం ఉండదు. కోర్టుకు వెళ్లాల్సి వస్తే 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం జత చేయాలి కాబట్టి, తీసిన ఫోనును, అసలు ఫైళ్లను జాగ్రత్తగా ఉంచుకోవాలి.

కిరాయి నడుమ తనిఖీకి యజమాని సమంజసమైన వేళల్లో రావచ్చని చట్టం అంటుంది. ఆడవాళ్లు ఒక్కరే ఉన్న వేళ చెప్పకుండా వచ్చి వంటింట్లోకి నడవడం, దగ్గరున్న రెండో తాళంచెవితో ఎవరూ లేనప్పుడు తలుపు తీయడం దాని కిందికి రావు. ఇల్లు యజమానిదే, అందులో సాగే కాపురం కిరాయిదారుది. ఒక రోజు ముందు ఫోను చేసి, ఇద్దరికీ వీలైన వేళ చూసుకోవడం ఇంగితం. వానాకాలం మొదట్లో ఒకసారి, ముగిశాక ఒకసారి చూడడం ఈ ప్రాంతానికి సరిపోతుంది. పైకప్పు, చెమ్మ, చెదలు అప్పుడే కనబడతాయి. హైదరాబాద్‌లో ఉండే యజమాని తన తరఫున తెలిసిన మేస్త్రీనో బంధువునో పంపవచ్చు, చట్టంలో ఏజెంట్లు అన్న మాట ఉంది.

లోపం కిరాయిదారు వల్లే అని తేలితే నోటీసు ఇవ్వాలి. ఏ గదిలో, ఏ లోపం, ఎలా బాగు చేయాలో రాసి, కాపీ దగ్గర ఉంచుకుంటే చాలు. చేతికివ్వవచ్చు, రిజిస్టర్డ్ పోస్టులో పంపవచ్చు. మూడు నెలల గడువు అక్కడి నుంచి నడుస్తుంది. ఈ గడువు కిరాయిదారుకు చేసే మేలు చిన్నది కాదు. తనకు తెలిసిన ప్లంబరుతో, తన చేతిలో డబ్బు ఉన్నప్పుడు, తగిన ధరకు పని చేయించుకోగలడు. చివరి రోజు యజమాని చెప్పిన ధరకు తల ఊపాల్సిన పని ఉండదు. యజమానికీ లాభమే. కారుతున్న పైపు మూడో నెలలో ఆగితే మూడో ఏట గోడ పడగొట్టే పని తప్పుతుంది. ఇంత మంచి ఏర్పాటు 1882 నుంచి పుస్తకంలో ఉండి కూడా ఇళ్ల మధ్య వాడుకలోకి రాకపోవడం బాధాకరం.

అదే 108వ సెక్షన్‌లో కిరాయిదారు వైపు నుంచి కూడా ఒక హక్కు ఉంది. యజమాని చేయాల్సిన మరమ్మతును చెప్పినా తగిన సమయంలో చేయకపోతే, కిరాయిదారే చేయించి ఆ ఖర్చు వడ్డీతో సహా కిరాయిలో తగ్గించుకోవచ్చు.

అడ్వాన్సులో కోత

పరిహారం జరిగిన నష్టం మేరకే ఉండాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ సారాంశం ఇది. పాత వస్తువు పాడైతే కొత్త వస్తువు ధర మొత్తం వసూలు చేయడం పరిహారం కాదు. ఉదాహరణకు ఒక ఇంటికి వేసిన రంగు 5 ఏళ్లు నిలుస్తుందనుకుందాం. 3 ఏళ్లు ఉన్న కిరాయిదారు పిల్లలు గోడలన్నీ గీకి పాడు చేశారు. మళ్లీ రంగుకు 20,000 రూపాయలు అవుతుంది. ఆ రంగులో 3 ఏళ్ల ఆయువు ఎలాగూ అయిపోయింది. మిగిలిన 2 ఏళ్ల వాటా 8,000 రూపాయలే కోయదగ్గది. 5 ఏళ్లు దాటి ఉన్న కుటుంబం నుంచి రంగు పేరుతో కోయడానికి ఏమీ మిగలదు.

తెలంగాణ పట్టణాల్లో ఖాళీ చేసేటప్పుడు ‘రంగుల కింద ఒక నెల కిరాయి’ పట్టుకునే ఆనవాయితీ ఉంది. ముందే ఒప్పుకుని రాసుకున్నా, ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ హద్దు మాత్రమేనని, అందులో సమంజసమైన పరిహారమే దక్కుతుందని 74వ సెక్షన్ చెబుతుంది. నష్టమే లేనప్పుడు డిపాజిట్‌ను మింగేయడానికి ఆ సెక్షన్ అవకాశం ఇవ్వదని సుప్రీంకోర్టు 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో స్పష్టం చేసింది. రాసుకోకుండా, చివరి రోజు నోటి మాటగా కోసే నెల కిరాయికి అంతకన్నా బలహీనమైన పునాది. కోసే ప్రతి రూపాయికీ బిల్లు గానీ మేస్త్రీ అంచనా గానీ చూపించడం యజమాని మర్యాద, కిరాయిదారు అడగదగ్గ హక్కు.

వరద, కోతులు

2009 అక్టోబరు తొలి వారంలో తుంగభద్ర, కృష్ణ పొంగి కర్నూలుతో పాటు ఇవతలి ఒడ్డున ఆలంపూర్, రాజోలి ప్రాంతాలను ముంచాయి. రాజోలిలో ఇళ్లు కూలాయి, మగ్గాలు నీళ్లలో మునిగాయి. అలాంటి వేళ ఇంటికి జరిగిన చెడుకు కిరాయిదారు బాధ్యుడు కాడు. పైగా ఇల్లు వాడుకోవడానికి శాశ్వతంగా పనికిరాకుండా పోతే కిరాయి ఒప్పందాన్ని వదులుకునే అవకాశం అతనికి ఉంది. నిప్పు అంటుకున్నా ఇదే నియమం, తన తప్పు వల్ల అంటుకోనంత వరకు.

కోతులు ట్యాంకు మూతలు లాగడం, పైపులు విరవడం, రేకుల మీద దూకి పగలగొట్టడం నల్లమల అంచు ఊళ్లకు తెలియని సంగతి కాదు. కిరాయిదారు చేయి లేని నష్టం కిరాయిదారుది కాదు. పగిలిన సంగతి తెలిసీ చెప్పకుండా నెలల తరబడి నీళ్లు గోడ మీద కారనిస్తే, ఆ పెరిగిన నష్టానికి జవాబు చెప్పాల్సి వస్తుంది.

మాట కుదరనప్పుడు

కరెంటు కట్ చేయడం, నల్లా బంద్ చేయడం, తలుపుకు మరో తాళం వేయడం, సామాను పట్టి ఉంచడం చట్టం ఒప్పుకోని పనులు. 2024 అక్టోబరులో తెలంగాణలో కిరాయి బకాయిల మీద కొందరు యజమానులు గురుకుల పాఠశాలల గేట్లకు తాళాలు వేశారు. బకాయి నిజమే అయినా, గేటు బయట నిలబడ్డ పిల్లలకు ఆ బాకీతో సంబంధం లేదు.

పోలీసు స్టేషన్ దీనికి తగిన చోటు కాదు. కావాలని గానీ, నష్టం జరుగుతుందని తెలిసి గానీ ధ్వంసం చేస్తేనే భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద నేరం. చేయి జారి పగిలిన వాష్ బేసిన్, మరిచిపోయిన మోటారు సివిల్ లెక్కలు. ఖాళీ చేయించడానికి పాడుపనుల కారణం చూపేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. కిరాయిదారు ఏదో కట్టాడు, మార్చాడు అన్నంత మాత్రాన సరిపోదని, దానివల్ల భవనం విలువ గానీ ఉపయోగం గానీ గణనీయంగా తగ్గాలని సుప్రీంకోర్టు 1988లో ఓంపాల్ కేసులో తేల్చింది. పంజాబ్ ప్రాంతపు చట్టం మీద వచ్చిన తీర్పే అయినా మాటలు దాదాపు ఒకటే. రెండు గదుల మధ్య చెక్క అడ్డం, వరండాకు గ్రిల్లు ఈ కొలతకు అందవు. బరువు మోసే గోడ కొట్టేసి మడిగెను వెడల్పు చేయడం అందుతుంది.

పరిహారం కోసమైతే సివిల్ కోర్టులో దావా వేయాలి. ఒప్పందం ఉల్లంఘన జరిగిన 3 ఏళ్లలోపు వేయాలి. నష్టం కళ్లతో చూసి నివేదిక ఇవ్వడానికి అడ్వకేటు కమిషనర్‌ను పంపమని కోర్టును కోరవచ్చు. మరమ్మతు చేయించాక చూడడానికి ఏమీ మిగలదు కాబట్టి ముందే కోరాలి. అడ్వాన్సు తిరిగి ఇవ్వని యజమాని మీద కిరాయిదారుకూ ఇదే దారి.

అడ్వాన్సు మొత్తాలు చిన్నవైన ఈ ఊళ్లలో వకీలు ఫీజుకే సగం పోతుంది. అందుకే లోక్ అదాలత్ మెరుగు. 2022 జూన్ 2 నుంచి తెలంగాణలో జిల్లాకొక న్యాయ జిల్లా ఏర్పడి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు పనిచేస్తున్నాయి. కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. ఇద్దరూ ఒప్పుకుని కుదిరిన అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ, దానిపై అప్పీలు లేదు.

ఇతర దేశాల్లో

ఈ జిల్లాల నుంచి చదువుకు, కొలువుకు విదేశాలకు వెళ్లినవాళ్లు అక్కడ దిగిన మొదటి రోజే ఇంటి లోపాల పత్రం నింపి ఇవ్వడం చూస్తారు. ఇంగ్లండ్‌లో 2007 ఏప్రిల్ నుంచి ఇంటి డిపాజిట్‌ను ప్రభుత్వ ఆమోదం ఉన్న రక్షణ పథకంలో ఉంచాలి. కోత మీద తగువు వస్తే పథకం తరఫున మధ్యవర్తి కాగితాలు, ఫొటోలు చూసి తీర్పు చెబుతాడు. పాతదానికి బదులు కొత్తది అన్న లెక్కను అతను ఒప్పుకోడు. తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సస్‌లో ఖాళీ చేసిన 30 రోజుల్లో డిపాజిట్ గానీ, కోతల వివరాల జాబితా గానీ ఇవ్వాలి. దురుద్దేశంతో పట్టుకున్న మొత్తానికి మూడింతలు, పైన 100 డాలర్లు చెల్లించాల్సి వస్తుంది. కాలిఫోర్నియాలో గడువు 21 రోజులు. 2025 ఏప్రిల్ నుంచి ఖాళీ అయిన ఇంటి ఫొటోలు తీయడం కూడా అక్కడ యజమాని విధి. జర్మనీ అత్యున్నత న్యాయస్థానం 2015 మార్చిలో, రంగులు వేయకుండా, దానికి తగిన పరిహారమూ ఇవ్వకుండా అప్పగించిన ఇంటికి రంగులు వేయాలని కిరాయిదారును ఒప్పందంలో కట్టేయడం చెల్లదని తీర్పునిచ్చింది.

మన దగ్గర అడ్వాన్సు తిరిగి ఇవ్వడానికి చట్టంలో ఇలాంటి రోజుల గడువు ఏదీ లేదు. నమూనా అద్దె చట్టం మాత్రం ఇల్లు స్వాధీనం చేసుకునే వేళకే, కోయదగ్గ బాకీలు పోను మిగిలింది తిరిగి ఇవ్వాలంటుంది. 11 నెలల కాగితం రాసుకునేవాళ్లు ఆ ఒక్క వాక్యాన్ని, తొలిరోజు లోపాల పట్టికను, మూడు నెలల మరమ్మతు గడువును అందులో చేర్చుకోవచ్చు. వాటికి స్టాంపు కాగితం అదనంగా అక్కర్లేదు, కొత్త చట్టమూ అక్కర్లేదు.